పొట్టు పలక మీద టేకు పొర

హైదరాబాద్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న దంపతులకు గోడ నిండా పుస్తకాల బీరువా కావాలి. 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. చూడటానికి టేకులా ఉండాలి, కానీ టేకుకు పెట్టేంత డబ్బు లేదు. పటాన్‌చెరు దారిలో ఫర్నిచర్ షెడ్డు నడిపే కుర్రాడు కొలతలు తీసుకుని, బొమ్మ గీసి, కింద ఒక్క వాక్యం రాశాడు: పార్టికల్ బోర్డు మీద రెండు వైపులా టేకు వెనీర్. ఆ కాగితం అతని మేనమామ కంటబడింది. ఆయన రాజమండ్రిలో జీవితమంతా తలుపులు, ద్వారబంధాలు, పట్టెమంచాలు చేసిన వడ్రంగి మేస్త్రి. ఇప్పుడు చూపు మందగించింది. అయినా చెక్క మీద చెయ్యి వేసి అది చేవ కట్టిందో లేదో చెప్పగలడు.

"పైన పటారం, లోన లొటారం. దీనికి బిల్లు కూడా వేస్తావట్రా?" అన్నాడు మామ.

"లోన ఏముందో కాగితం మీదే రాశాను కదా మామయ్యా. ముందు దీన్ని చూడండి," అంటూ అల్లుడు బల్ల కింద నుంచి ఒక కోత ముక్క తీసి, అంచు కనిపించేలా తిప్పి ఆయన చేతిలో పెట్టాడు. 18 మిల్లీమీటర్ల మందం. నడిమి భాగంలో ముతక చెక్కపెళ్లలు, వాటి మధ్య సన్నటి ఖాళీలు. పైనా కిందా మాత్రం మెత్తటి రవ్వ గట్టిగా బిగుసుకుని, ఎమరీ కాగితంతో రుద్దిన నునుపుతో ఉంది. మామ బొటనవేలి గోటితో పైముఖం మీద గీశాడు. గీత సరిగా పడలేదు. అదే గోటితో అంచు నొక్కితే రెండు పెళ్లలు ఊడి ఒళ్లో రాలాయి.

"చూశావా? ముఖం గట్టిదే. ఒళ్లే గుల్ల."

"అందుకే ఈ పని ముఖంతో అయిపోదు. పలకకు ఆరు వైపులుంటాయి. ఆరింటినీ చూసుకోవాలి," అన్నాడు అల్లుడు.

ఈ పలక పుట్టిందే పారేసే చెక్కను వాడుకోవడానికి. జర్మనీకి చెందిన మాక్స్ హిమ్మెల్‌హేబర్ 1930లలో చెక్క వృథాను పెళ్లలుగా చేసి, కృత్రిమ జిగురు కలిపి, వేడి ప్రెస్‌లో నొక్కే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1941లో బ్రెమెన్‌లో కర్మాగారం నడక మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలోనే స్విట్జర్లాండ్‌లో ఫ్రెడ్ ఫార్ని నడుమ ముతక, పైనా కిందా మెత్తన అనే మూడు పొరల పలకను నోవోపాన్ పేరుతో తెచ్చాడు. మామ గోటికి తెలిసిన తేడా ఆ మూడు పొరలదే. అదే పేరుతో ఒక కర్మాగారం పటాన్‌చెరులోనూ వెలిసింది. ఏ కంపెనీ పార్టికల్ బోర్డునైనా నోవోపాన్ అనే పిలిచే కార్పెంటర్లు ఇప్పటికీ ఉన్నారు.

తక్కువ చెక్క మీద మేలైన చెక్క పొర, అంటే వెనీర్, అతికించడం మాత్రం అంతకంటే ఎంతో పాతది. ఈజిప్టులో క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దం నాటి మంత్రి రెఖ్‌మిరే సమాధి గోడల మీద ఆ పని చేస్తున్న వడ్రంగులు కనిపిస్తారు. పక్కనే నిప్పు మీద జిగురు కుండ ఉంటుంది. మామ పక్షానా ఒక పాత సాక్షి ఉన్నాడు. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో, చౌక చెక్కకు ఖరీదైన చెక్క తొడుగు వేయడాన్ని విలాసాల జాబితాలో చేర్చి దుయ్యబట్టాడు. షెడ్డులో నడుస్తున్న తగువు రెండు వేల ఏళ్ల కిందటే మొదలైందన్నమాట.

"సరే, విలాసమే అనుకోండి. లెక్క చూద్దాం," అన్నాడు అల్లుడు. "ఒక ఘనపుటడుగు టేకు తీసుకోండి. అంగుళం పలకలుగా కోస్తే, రంపం తినే భాగాన్ని వదిలేసినా, వచ్చేది 12 చదరపుటడుగులు. అదే దుంగను వేడినీళ్లలో నానబెట్టి మెత్తబరిచి, పొడవాటి కత్తితో అర మిల్లీమీటరు పొరలుగా తీస్తే 600 చదరపుటడుగులు దాటుతుంది. తరుగు కింద సగం పోయిందనుకున్నా 300 మిగులుతుంది. ఒక బీరువాకు పట్టే చెక్కతో వీధిలో ఇళ్లన్నిటికీ టేకు ముఖం వస్తుంది."

"మా రోజుల్లో ఈ పీనాసితనం అక్కర్లేకపోయింది."

"ఆ రోజులు పోయాయి మామయ్యా. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల్లో నరికివేతకు పగ్గం వేసింది. లైసెన్సు లేని కోతమిల్లులు మూతపడ్డాయి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. తోటలో పెంచిన టేకు బాగా చేవ కట్టాలంటే 50, 60 ఏళ్లు పడుతుంది. పార్టికల్ బోర్డుకు నాలుగైదేళ్లలో కోతకొచ్చే నీలగిరి, సుబాబుల్ సరిపోతాయి. కొమ్మలూ, మిల్లు తరుగూ పనికొస్తాయి. చెరకు పిప్పితోనూ చేస్తున్నారు."

మామ కాసేపు ఆగి అసలు దెబ్బ కొట్టాడు. "చెట్టు మిగలడం మంచిదే. కాదన్నవాడెవడు? కానీ ఆ మిగిలిన చెట్టు పేరు చెప్పి పదేళ్లకోసారి కొత్త బీరువా కొనిపిస్తే, మిగిల్చింది ఏముంది? నా చేతి బీరువా మనవళ్ల కాలానికీ ఉంటుంది. నీది ఎన్నాళ్లుంటుందో అది చెప్పు."

ఈ ప్రశ్నకు అడవుల లెక్క జవాబు కాదని అల్లుడికీ తెలుసు. జవాబు పనితనంలోనే దొరకాలి. అందుకే ఆయన వరసగా వేసిన అభ్యంతరాలకు అతను ఒక్కొక్కటిగా సమాధానం చెప్పాడు. కొన్ని చోట్ల ఒప్పుకున్నాడు కూడా.

మొదటిది నీళ్లు. "వంటింట్లో సింకు కింద అరలు చూశాను. అడుగుభాగం పొంగి, పైపొర లేచి, లోపలి పెళ్లలు తడిసిన అటుకుల్లా విచ్చుకున్నాయి. ఆరబెడితే మళ్లీ మామూలుకొస్తుందా?"

"రాదు," అన్నాడు అల్లుడు వెంటనే. వేడి ప్రెస్‌లో అణగదొక్కిన పెళ్లలు నీళ్లు తాగితే తిరిగి లేస్తాయి. మామూలు పలకల్లో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుకు తడి పడదు. ఒకసారి పట్టు వదిలాక మళ్లీ ప్రెస్‌లో పెట్టినా పాత మందానికి రాదు. "అందుకే సింకు కిందా, స్నానాల గది గోడకూ దీన్ని వాడను. అక్కడ ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్. ఇది పొడి గదిలో పుస్తకాల అర. అయినా ఇల్లు తుడిచే నీళ్లు తగలకుండా 4 అంగుళాల టేకు కాళ్లు వేసి లేపుతున్నాను. పైముఖం నుంచి నీళ్లు దిగేది తక్కువ, అంచు నుంచే దిగుతాయి. నిలువు పలకల కింది అంచు ఎవరికీ కనిపించదని చాలామంది పచ్చిగా వదిలేస్తారు. నేను దానికి రెండు పూతలు సీలరు వేస్తాను."

"చెదలో?"

"టేకు చేవకున్న రక్షణ దీనికి లేదు. పైన టేకు పొర వేసినంత మాత్రాన రాదు. ఇల్లు కట్టేటప్పుడే నేలకు చెదల మందు కొట్టించారా అని ముందుగా అడుగుతాను. గోడలో చెమ్మ ఉంటే పని ఒప్పుకోను."

రెండో అభ్యంతరం వంకర. ఎవరో చేయించుకున్న వెనీర్ తలుపు ఒకటి ఏడాది తిరక్కుండా విల్లులా వంగిందని మామ గుర్తు చేశాడు. పై మూల పట్టుకుంటే కింది మూల అంగుళం బయటికొచ్చేదట. లోపం పలకదేనని ఆయన తీర్పు.

"వెనక వైపు వెనీర్ ఉందా దానికి?"

"వెనక ఎవరు చూస్తారని వేస్తారు?"

"అదే లోపం," అన్నాడు అల్లుడు. పొర జిగురులోని నీళ్లు పీల్చి కాస్త సాగుతుంది. ఆరేటప్పుడు ముడుచుకుంటూ తను అంటుకున్న ముఖాన్ని తనవైపు లాగుతుంది. పొర మందం అర మిల్లీమీటరే అయినా ఏడడుగుల తలుపును వంచేంత బలం దానికుంది. ఆ తర్వాత వానాకాలంలో ఒక ముఖం తేమ పీల్చడం, రెండో ముఖం మరో రకంగా పీల్చడం మొదలవుతుంది. కాబట్టి వెనక ముఖానికీ అంతే మందం పొర, అదే జిగురు, అదే రోజున వెయ్యాలి. ఖరీదు తగ్గించాలంటే వెనక చౌక చెక్క పొర వేసుకోవచ్చు, కానీ అసలు వేయకుండా ఉండకూడదు. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద ముందే అతికించి వచ్చే వెనీర్ షీట్లు వాడే షెడ్లలోనూ ఇదే తప్పు జరుగుతోంది. ముందు వైపు 4 మిల్లీమీటర్లు ఎక్కించి వెనక ఖాళీగా వదిలితే పలక వంగక మానదు.

ఇక్కడ అల్లుడు ఎదురు ప్రశ్న వేశాడు. "మరి మీరు తలుపు చేసేటప్పుడు చట్రం గాడిలో నడిమి పలకను జిగురు లేకుండా వదులుగా ఎందుకు కూర్చేవారు?"

"ఊపిరి తీసుకోవాలి కదరా! అడుగు వెడల్పు టేకు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ రెండు మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. బిగించామంటే పగులుతుంది, లేదా చట్రాన్ని విప్పేస్తుంది. పొడవులో మాత్రం కదలదు."

"పార్టికల్ బోర్డుకు నార ఒక వైపు ఉండదు. పెళ్లలు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి. అందుకే పొడవులోనూ వెడల్పులోనూ కదలిక చాలా తక్కువ, అదీ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఉబ్బడం అంతా మందంలోనే. పల్చటి పొర పగలకుండా నిలవాలంటే కింద కదలని నేల కావాలి. ఘన చెక్క మీద పొర అతికిస్తే కింది చెక్క కదిలినప్పుడల్లా పై పొర చీలుతుంది. డెన్మార్క్‌లో 1950, 60లలో చేసిన పేరున్న టేకు బీరువాలు చాలావాటిలో లోపల ఇలాంటి పలకలూ, చెక్క పట్టీలు పేర్చి చేసే బ్లాక్‌బోర్డులే. పైన కనిపించేది టేకు వెనీర్. ఆ సామానును ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారు."

మామ ఏమీ అనలేదు. బల్ల మీదున్న పొరల కట్ట దగ్గరికి జరిగాడు. ఒకే దుంగ నుంచి వరసగా తీసిన 24 పొరలు, కోసిన క్రమం చెదరకుండా సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి. మొదటి రెండు తీసి పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచాడు. కొండశిఖరంలా లేచిన గీతలు ఒకదానికొకటి అద్దంలో నీడల్లా కలిశాయి. తర్వాతి రెండూ అంతే. పదడుగుల పొడవునా, ఎనిమిది తలుపుల మీదా ఒకే చెట్టు గీత నడిచేలా ఘన చెక్కతో చేయడం తన వల్ల ఎన్నడూ కాలేదని ఆయనే చెప్పాడు. "ఇది మాత్రం నీకే సాధ్యం," అన్నాడు.

మూడో తగువు జిగురు మీద. మామ కుర్రతనంలో పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన సరేసు వాడేవారు. వేడిగా పూసి, పొరను పరిచి, మొద్దు అంచున్న పనిముట్టుతో నడిమి నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోతే అదనపు జిగురు బయటికొచ్చేది. 1959లో ఫెవికాల్ మొదలైంది. తెల్ల జిగురు ఊరూరికీ చేరాక సరేసు కుండలు మూలపడ్డాయి. "నా శిష్యులు సన్‌మైకాకు వాడే ఎస్‌ఆర్ గమ్ముతో వెనీర్ కూడా అంటిస్తున్నారు. రెండు వైపులా పూసి, ఆరనిచ్చి, ఆనిస్తే చాలు, పట్టేస్తుంది. ప్రెస్సు గోల లేదు. నువ్వెందుకు వద్దంటావు?"

"పట్టేస్తుంది, కానీ అది రబ్బరు. ఎప్పటికీ గట్టిపడదు. సన్‌మైకా కదలదు కాబట్టి దానికి సరిపోతుంది. చెక్క పొర రుతువు మారినప్పుడల్లా కదులుతుంది, రబ్బరు దాన్ని ఆపలేదు. పైగా పాలిష్‌లో కలిపే థిన్నరు అర మిల్లీమీటరు పొరలోంచి దిగి కింది గమ్మును మెత్తబరుస్తుంది. పాలిష్ వేసిన మర్నాడు బుడగలు లేస్తాయి."

ప్రెస్ ఉన్న చోట పని తేలిక. పలుచగా, సమంగా జిగురు పూసి, నాలుగైదు పలకలను ఒకేసారి నొక్కి పెడతారు. వేడి ప్రెస్ అయితే 100 డిగ్రీల చుట్టుపక్కల నిమిషాల్లో పని ముగుస్తుంది, చల్ల ప్రెస్ అయితే గంటలు పడుతుంది. ఎక్కువ జిగురు మేలనుకోవడం పొరపాటు. తెల్ల జిగురులో సగానికి సగం నీళ్లే. అవి పలక ముఖం మీది రవ్వను ఉబ్బిస్తాయి. ఆరాక ఆ గరుకు అర మిల్లీమీటరు పొరలోంచి పైకి తేలి, పాలిష్ మెరుపులో గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. పొరలోని సన్నటి రంధ్రాల్లోంచి జిగురు పైకి చిమ్మితే ఆ చోట పాలిష్ రంగు పట్టదు.

ప్రెస్‌లో పట్టని చిన్న ముక్కలకు అల్లుడు వాడే పద్ధతి చూసి మామ ఆశ్చర్యపోయాడు. అతను అరచేతి వెడల్పు పలక ముక్కను 80 నంబరు ఎమరీతో రుద్ది, దుమ్ము దులిపాడు. రోలరుతో పలక మీదా, పొర వెనకా తెల్ల జిగురు పూసి పక్కన పెట్టాడు. తడి తగిలిన పొర వెంటనే గొట్టంలా చుట్టుకుపోయింది. చుట్టుకోనిచ్చాడు. అరగంటకు జిగురు తెలుపు పోయి గాజులా అయింది, వేలికి అంటడం మానేసింది. అప్పుడు పొరను పలక మీద పరిచి, పైన కాగితం వేసి, ఆవిరి లేని ఇస్త్రీపెట్టెను నూలు బట్టల వేడిలో పెట్టి, నడిమి నుంచి నార వాటంగా మెల్లగా నడిపాడు. వెనకాలే రెండో చేత్తో నున్నటి చెక్క దిమ్మతో ఒత్తుకుంటూ వచ్చాడు. ఆరిన తెల్ల జిగురు వేడికి కరిగి, చల్లారితే మళ్లీ బిగుస్తుంది. ఈ పద్ధతికి ఆ గుణమే ఆధారం.

మామ ముక్కను చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ఎడమ మూల దగ్గర శబ్దం మారింది, బోలుగా పలికింది. "ఇక్కడ పట్టలేదు," అన్నాడు. అల్లుడు అక్కడ మళ్లీ వేడి చూపించి, చల్లారేదాకా దిమ్మ అదిమి పట్టాడు. ఈసారి తడితే మూల కూడా టక్‌మంది. అంచు దాటిన పొరను కోయడానికి అతను కత్తి ఎత్తగానే మామ ఆపాడు. నారకు అడ్డంగా ఉన్న అంచులు ముందు కోసి, బయటి నుంచి లోపలికి కత్తి లాగితే మూల చీలదని చూపించాడు. పనిముట్టు మారినా చెక్క నార మారలేదు కనుక ఆ సలహా అల్లుడికి అక్కరకొచ్చింది.

నాలుగోది బరువు. పుస్తకాల కంటే బరువైన సామాను ఇంట్లో తక్కువ. "మూడడుగుల అర మీద నిఘంటువులు పెడితే ఆరు నెలల్లో నడుం వంగుతుంది. రాసిస్తాను," అన్నాడు మామ.

వంపును ఆపే గట్టిదనంలో పార్టికల్ బోర్డు టేకులో నాలుగో వంతో, ఐదో వంతో ఉంటుంది. ఆ మాట అల్లుడు దాచలేదు. కానీ వెనీర్ ఇక్కడ అలంకారం ఒక్కటే కాదని లెక్క చూపించాడు. 18 మిల్లీమీటర్ల పలకకు పైనా కిందా 0.6 మిల్లీమీటర్ల పొరలు, నార అర పొడవు వెంట నడిచేలా అతికిస్తే, వంగేటప్పుడు ఎక్కువ భారం పడేది ఆ రెండు పొరల మీదే. మామూలు విలువలతో లెక్కేస్తే అర గట్టిదనం ఇంచుమించు రెట్టింపవుతుంది. నార అడ్డంగా తిప్పితే ఆ లాభం దాదాపు రాదు. దీనికి తోడు ముందు అంచుకు అంగుళమున్నర లోతు టేకు పట్టీ వేస్తున్నాడు. అన్నిటికంటే పెద్ద మందు అర పొడవు తగ్గించడం. పుస్తకాలు ఒకే వరసగా నిండినప్పుడు వంపు పొడవుకు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మూడడుగుల అరను రెండడుగులు చేస్తే వంపు ఐదో వంతుకు పడిపోతుంది.

"బొమ్మలో అరలు ఎంత పొడవున్నాయి?"

"రెండున్నర."

"రెండు చెయ్యి. నిలువు పలక ఒకటి పెరుగుతుంది, అంతేగా."

అల్లుడు పెన్సిలు తీసి బొమ్మ దిద్దాడు.

స్క్రూల దగ్గర ఇద్దరికీ తేడా రాలేదు. పలక అంచులో మామూలు స్క్రూ బిగిస్తే పెళ్లలు విడిపోతాయి, ఒకసారి విప్పితే రెండోసారి పట్టదు. ముందు సరైన కొలతతో రంధ్రం వేసి, లోతైన మరలున్న లావు స్క్రూలు వాడాలి. లేకపోతే చెక్క మేకులూ జిగురూ కలిపి కూర్చాలి. కబ్జాల స్క్రూలు పలక ముఖంలో దిగాలి, అంచులో కాదు. ఇల్లు మారేటప్పుడు ఊడదీసి బిగించే బీరువాలు తొందరగా పాడవడానికి స్క్రూ రంధ్రాలు వదులవడమే పెద్ద కారణం.

ఐదో అభ్యంతరం వినగానే అల్లుడి గొంతు కాస్త తగ్గింది. కొత్త పలకల గదిలోకి వెళ్తే కళ్లు మండే ఘాటు సంగతి అది. ఆ ఘాటు ఫార్మాల్డిహైడ్‌ది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2005లో అమెరికాలో కత్రినా తుపాను బాధితులకు ఇచ్చిన ట్రైలరు ఇళ్లలో జనం మంటలు, దగ్గు అని మొర పెట్టుకున్నారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 519 ఇళ్లలో గాలి కొలిచి 2008లో ఫలితాలు చెప్పింది. వంద కోట్ల భాగాల గాలిలో సగటున 77 భాగాలున్నాయి. ఒకచోట 590 దాకా ఉంది. మామూలు ఇళ్లలో 10, 20 ఉంటుంది.

"నేను ఇ1 తరగతి పలకే కొంటాను. పరీక్ష పెట్టెలో వంద కోట్లకు 100 భాగాలు దాటకూడదని దానికి హద్దు."

"వందా? ఆ ట్రైలర్లలో 77కే గోల అయిందన్నావు!"

"ఆ పరీక్షలో ఒక ఘనపు మీటరు గాలికి ఒక చదరపు మీటరు పలక పెడతారు. మన గదిలో గాలికి పలక అంతకంటే తక్కువ, పైగా దానికి అన్ని వైపులా మూత ఉంటుంది. ట్రైలరులో గోడ, కప్పు, అరలు అన్నీ పలకలే. గదేమో ఇరుకు."

"ఆ పరీక్ష ఎంత వేడిలో చేస్తారు?"

"23 డిగ్రీలు."

"మే నెలలో మన ఇంట్లో 23 ఎక్కడుంటుందిరా?"

దీనికి అల్లుడి దగ్గర పూర్తి జవాబు లేదు. వేడీ తేమా పెరిగితే పలక వదిలే ఆవిరి పెరుగుతుంది, అది నిజం. అతను చేయగలిగింది చెప్పాడు. దొరికినంతలో తక్కువ ఆవిరి వదిలే తరగతి పలక తీసుకోవడం. కోసిన ప్రతి అంచునూ, కబ్జా కోసం తవ్విన గుంతనూ, వైరు కోసం వేసిన రంధ్రాన్నీ సీలరుతో మూసెయ్యడం. బీరువా బిగించాక మొదటి నెల కిటికీలు తెరిచి ఉంచమని ఇంటివాళ్లకు చెప్పడం. పసిపిల్లల పడకగదికి ఈ పలక వద్దని మామ పట్టుబట్టాడు, అల్లుడు కాదనలేదు.

చివరిది మరమ్మతు. టేకు బీరువా గీత పడితే చిత్రిక పట్టుకోవచ్చు, మళ్లీ మళ్లీ పాలిష్ చేసుకోవచ్చు. అర మిల్లీమీటరు పొరను ఒకసారి చేత్తో మెల్లగా రుద్దొచ్చు. మెషీన్ పెడితే కింది పలక బయటపడుతుంది. అల్లుడు అందుకని అదే దుంగవి నాలుగు పొరలు మిగిల్చి, చుట్ట చుట్టకుండా బీరువా వెనక పలకకు చదునుగా కట్టి ఇస్తానన్నాడు. ఎక్కడైనా బుడగ లేస్తే నార వాటంగా కత్తితో గీసి, సూదితో జిగురు ఎక్కించి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె అదిమితే సరిపోతుంది. మూల విరిగితే అదే చెట్టు పొరతో అతుకు వేయొచ్చు. "ఈ మాట బిల్లు వెనక రాసివ్వు. పాతికేళ్ల తర్వాత చేసేవాడు నువ్వు కాకపోవచ్చు," అన్నాడు మామ.

బిల్లు ముందు వైపున ఏం రాయాలన్నది ఆయనే చెప్పించాడు. పలక ఏ ప్రమాణం ప్రకారం తయారైందో, ఆవిరి తరగతి ఏదో, పొర మందం ఎంతో, వెనక ముఖానికి ఏ చెక్క పొర వేశారో, జిగురు ఏదో రాయాలి. మామూలు పార్టికల్ బోర్డుకు ఐఎస్ 3087, వెనీర్ వేసి వచ్చేదానికి ఐఎస్ 3097, ప్రీలామినేటెడ్‌కు ఐఎస్ 12823 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. ప్రీలామినేటెడ్ పలక మీద కనిపించేది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. దాన్ని వెనీర్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఒకే గీత, ఒకే ముడి రెండు తలుపుల మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తే అది కాగితమే. పక్కపక్క పొరల్లో కూడా చెట్టు గీత వెంట్రుకవాసి మారుతుంది. కొనేవాళ్లు తలుపు తెరిచి వెనక ముఖం చూడాలి, అర కింద చెయ్యి పెట్టి అంచు తడమాలి, గోటితో నాలుగు మూలలూ తట్టాలి.

తలుపుల విషయంలో మామ వెనక్కి తగ్గలేదు. రోజూ తెరిచి మూసే చోట చట్రం ఘన టేకుదే ఉండాలి, నడుమ మాత్రం వెనీర్ పలక పెట్టుకోమన్నాడు. అల్లుడు ఖర్చు చూసుకుని సరేనన్నాడు. పనివాణ్ని పిలిచి, "పలకను గాడిలో జిగురు పెట్టి బిగించు," అని పురమాయించాడు. మామ చర్రున లేచాడు. గాడిలో జిగురా? ఖాళీ వదలకుండానా?

"ఈ పలక కదలదు మామయ్యా. బిగిస్తే పలకే చట్రాన్ని నాలుగు మూలలా పట్టి ఉంచుతుంది, తలుపు ఎప్పటికీ కిందికి వాలదు. ఖాళీ వదిలితే గలగలలాడుతుంది."

"జిగురు లేకుండా ఒకటి, జిగురు పెట్టి ఒకటి చెయ్యమను. రెండూ వానాకాలం దాటనీ. అప్పుడు మాట్లాడదాం," అంటూ మామ గాడి లోతు కొలవడానికి టేపు అందుకున్నాడు.